దొరబాబు పథ్యం

పిల్లికి షుగరు వచ్చిందని చెప్తే నవ్వని మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఇస్త్రీ బండి అతను నవ్వాడు. మా ఆడపడుచు ఫోనులో పగలబడి నవ్వింది. పై అంతస్తు లెక్చరరుగారు "పొద్దున్నే వాకింగుకి పంపించండి, నాకూ తోడుగా ఉంటుంది" అన్నారు. నవ్వడం అయ్యాక మాత్రం ఆడవాళ్ళందరూ ఒకే ప్రశ్న వేశారు. "అయితే ఏం పెడుతున్నారు?"

అదీ ప్రశ్నంటే! మందు డాక్టరు రాస్తాడు, షాపువాడు ఇస్తాడు. పథ్యం మాత్రం మన పొయ్యి మీదే ఉడకాలి. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా సగం వైద్యం వంటింట్లోనే జరుగుతుందని ఇల్లు నడిపిన ఏ ఇల్లాలినడిగినా చెప్తుంది. కాకపోతే ఈసారి రోగికి నాలుగు కాళ్ళూ, ఒక తోకా ఉన్నాయి.

మా పిల్లి పేరు దొరబాబు. పేరు మా అత్తగారు పెట్టింది. కాకినాడలో మా పాత పెంకుటింటి అటక మీద పుట్టాడు. ఇప్పుడు తొమ్మిదేళ్ళు. మావగారు పోయాక అత్తగారు హైదరాబాదు వచ్చేస్తూ తెచ్చుకున్నవి మూడే – ఒక ట్రంకు పెట్టె, ఒక ఆవకాయ జాడీ, మూతకట్టిన బుట్టలో దొరబాబు. అక్కడ ధాన్యం గదికి వాడే కాపలా. రాత్రిళ్ళు అటక మీద వాడు చేసే పరుగులకి పెంకులు కదిలిపోయేవి. ఇక్కడ మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీకి వల. వల అవతల పావురాలు, ఇవతల దొరబాబు. చూసుకోవడమే గాని ముట్టుకోవడం లేదు. ఒక్కమాటలో చెప్పాలంటే దొరబాబు ఉద్యోగ విరమణ చేశాడు.

రాత్రి అత్తగారు భోంచేసి, విస్తట్లో ఆఖరి పెరుగన్నం ముద్ద వాడికి పెట్టేది. కాకినాడ నాటి అలవాటు. "ఆఖరి ముద్ద వాడిదమ్మాయ్, నేను తింటే అరగదు" అనేది. మా ఇంట్లో మాంసం గడప తొక్కదు. గుడ్డు కూడా రాదు. పిల్లలు బయట ఏం తింటారో నేనడగను, వాళ్ళు చెప్పరు. అలాంటి ఇంట్లో పిల్లి కూడా మన మనిషే అనుకోవడం సహజమే కదండీ.

జబ్బు సంగతి మొదట పట్టుకున్నది డాక్టరు కాదు, అత్తగారే. ఒకరోజు పొద్దున్న దొరబాబు ఇసుక ట్రే దగ్గర నిలబడి, "అమ్మాయ్, ఇటు రా. చీమలు పట్టాయి చూడు" అంది. చూస్తే నిజంగానే బారులు తీరి చీమలు. "మా నాన్నకి ఇలాగే తెలిసింది. పెరట్లో ఆయన వెళ్ళొచ్చిన చోట చీమలు చేరేవి" అంది. అప్పుడు ఒకటొకటే లెక్కకొచ్చాయి. గిన్నెడు నీళ్ళు మధ్యాహ్నానికే ఖాళీ. ట్రేలో ఇసుక రెండు రోజులకే ముద్దకట్టేస్తోంది. తిండి మామూలుకంటే ఎక్కువ తింటున్నాడు, అయినా వెన్నుపూస చేతికి తగులుతోంది. ఇంకో చిత్రం – వెనక కాళ్ళ మునివేళ్ళ మీద ఠీవిగా నడిచే దొర, మడమలు నేలకానించి కుందేల్లా నడుస్తున్నాడు. నరాల మీద దెబ్బ పడితే అలా నడుస్తారట.

పశువుల డాక్టరమ్మ మా అబ్బాయికంటే నాలుగేళ్ళు పెద్దదేమో! చాలా ఓపికమనిషి. రక్తంలో చక్కెర 410 ఉంది. "ఈ ఒక్క అంకె చూసి చెప్పను. పిల్లి భయపడితే, ఆటోలో ఏడ్చుకుంటూ వస్తే కూడా చక్కెర పెరుగుతుంది" అని ఫ్రక్టోజమిన్ అని ఇంకో పరీక్ష చేయించింది. అది వెనకటి రెండు మూడు వారాల సంగతి చెప్తుందట. మూత్రపిండాలవీ కూడా చూసింది. అవి బాగున్నాయి. షుగరు మాత్రం ఖాయం. వయసు మళ్ళిన మగపిల్లి, ఆపరేషనయినవాడు, ఇంట్లో కూర్చుని ఒళ్ళు పెంచినవాడు – ఇలాంటివాళ్ళకే ఎక్కువగా వస్తుందంది. మనుషుల్లో పెద్దవయసులో వచ్చే రకానికి ఇది దగ్గర. రెండుపూటలా ఇన్సులిన్ రాసింది. "ఇన్సులిన్ ఒక ఎత్తు, తిండి ఒక ఎత్తు. తొందరగా పట్టుకున్నాం కాబట్టి రెండూ కుదిరితే, కొన్ని నెలలకి ఇన్సులిన్ అక్కర్లేకుండా పోయే పిల్లులు కూడా ఉంటాయి" అంది. ఆ ఆశ ఒక్కటీ కొంగున ముడేసుకుని ఇంటికొచ్చాను.

రాగానే అత్తగారు తేల్చేసింది. "ఇందులో ఆలోచించేదేముంది? నాకు పన్నెండేళ్ళుగా ఉన్నదే కదా. నాకు రాగిజావ కాస్తున్నావు, అందులో వాడికో గరిటెడు ఎక్కువ కాయి."

ఆవిడ తప్పేం లేదు. షుగరు పథ్యం అంటే మన ఇళ్ళలో ఒక బండ గుర్తుంది – అన్నం తగ్గించి రాగులు, జొన్నలు, కొర్రలు, ఆకుకూరలు. ఇరుగుపొరుగు కూడా ఆ దారినే పట్టారు. కాకరకాయ రసం రెండు చుక్కలన్నారు ఒకావిడ. మెంతిపొడి, నేరేడు గింజల పొడి చిన్న సీసాల్లో కట్టి మరీ పంపించారు ఇంకొకరు. ఓట్స్ పెట్టమన్నారు. ఉపవాసం మంచిదన్నారు. నేను నవలలు రాస్తానని తెలిసి కూడా ఇంతమంది నాకు ఇన్ని కథలు ఎప్పుడూ చెప్పలేదు!

డాక్టరమ్మ ఆ జాబితా అంతా విని, తల అడ్డంగా ఊపింది. "రాగి అయినా బియ్యమైనా, ఓట్సయినా పిల్లికి ఒకటేనండి. అన్నీ పిండే" అంది. ఆ తరవాత ఆవిడ చెప్పింది వింటే నాకు ఒక పాఠం చదివినట్టయింది.

మనకి అన్నం నోట్లో పడగానే లాలాజలంలోని ఒక రసం ఆ పిండిని కరిగించడం మొదలుపెడుతుంది. పిల్లి నోట్లో ఆ రసమే లేదు. తిన్న చక్కెరని గబగబా సర్దుకునే యంత్రాంగం మన కాలేయంలో ఉన్నంతగా దాని కాలేయంలో లేదు. మరి ఒంటికి కావలసిన చక్కెర ఎక్కడిదంటారా? మాంసకృత్తుల నుంచి తనే తయారుచేసుకుంటుంది. తిన్నా తినకపోయినా పగలూ రాత్రీ ఆ పని ఆగదు. అసలు తీపి అనే రుచే దానికి తెలియదు. తీపిని పట్టుకునే జన్యువు పిల్లిజాతిలో ఎప్పుడో పాడైపోయిందని 2005లో అమెరికాలో శాస్త్రజ్ఞులు తేల్చారు. పులికీ అంతే, చీతాకీ అంతే. ఈ సంగతి విని మావారు "తీపి తెలియని వాడికి షుగరు వ్యాధేమిటోయ్, ఇది అన్యాయం" అని నిజంగానే బాధపడ్డారు. ఆయనకి పూతరేకులంటే ప్రాణం.

తెనాలి రామకృష్ణుడు మరిగిన పాలు పెట్టి పిల్లికి పాలంటేనే భయం పుట్టించిన కథ మనందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆ పిల్లి మీద జాలిపడి ఏడ్చాను కూడా. పాలు లేకపోయినా పిల్లికి లోటేమీ లేదని, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగనే అరగవని ఇప్పుడు తెలిసింది. రాయలవారి ఆవుపాలు తాగి బలిసిన తక్కిన పిల్లులకంటే ఆ పిల్లే ఎక్కువకాలం బతికిందేమో, ఎవరు చూడొచ్చారు!

అయితే అత్తగారు ఒక ప్రశ్న వేసింది. ఆ ప్రశ్న మీలో చాలామందికి ఇప్పటికే నాలుక చివరికొచ్చి ఉంటుంది. "మా అమ్మ కాలం నుంచీ పెరుగన్నమే పెట్టాం. పదేసి పిల్లులు తిరిగేవి. ఒక్కదానికి షుగరొచ్చిందా?"

దానికి జవాబు డాక్టరమ్మ చెప్పలేదు. కాకినాడ ఇల్లే చెప్పింది. ఆ రాత్రి నిద్రపట్టక ఆ ధాన్యం గది తలుచుకుంటూ పడుకున్నాను. బస్తాల వెనక తోకలు, గుమ్మంలో ఎలుక తల. పొద్దున్నే ముగ్గు వెయ్యబోతే అడ్డంగా తొండ. సన్నజాజి పందిరి కింద పిచ్చిక ఈకలు. పనిమనిషి తిట్టుకుంటూ చీపురుతో ఊడ్చేది. ఆ పిల్లులు తిన్న భోజనం అది! మనం పెట్టిన పెరుగన్నం భోజనం కాదు, బక్షీసు. మనం మన గిన్నె ఒక్కటే చూశాం గాని వాటి విస్తరి చూడలేదు. ఎలుకని తూచి చూసినవాళ్ళు లేకపోలేదు. తమంతట తామే వేటాడి బతికే పిల్లుల తిండిని లెక్కకట్టి చూస్తే, వాటికి వచ్చే శక్తిలో సగం మాంసకృత్తుల నుంచి, మిగిలిన సగం దాదాపు అంతా కొవ్వు నుంచి వస్తుందట. పిండిపదార్థం వాటా నూటికి రెండు. రెండంటే రెండే!

ఇక్కడ ఫ్లాటులో ఎలుకా లేదు, తొండా లేదు, పరుగూ లేదు. మిగిలింది బక్షీసు ఒక్కటే. తొమ్మిదేళ్ళ దొరబాబు అసలు జీతం ఆగిపోయి, టీ ఖర్చుల మీద సంసారం ఈదుతున్నాడన్నమాట.

తెల్లారి అత్తగారికి ఇదంతా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. నేను ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. శాకాహారంతోనే సరిపెట్టే దారి ఏదైనా ఉందా అని డాక్టరమ్మని నేను గుచ్చి గుచ్చి అడిగాను. పప్పు, పనీరు, మీల్‌మేకరు – ఏదో ఒకటి. కుక్కయితే అన్నం తిని బతుకుతుంది గాని పిల్లికి ఆ వీలు లేదంది. టారిన్ అనే పదార్థం ఒకటి మాంసంలోనే ఉంటుంది. మన ఒళ్ళు దాన్ని తయారుచేసుకుంటుంది, పిల్లి ఒళ్ళు చాలినంత చేసుకోలేదు. అది లేని తిండి తిన్న పిల్లులకి కంటిచూపు పోతుందని 1975లో కనిపెట్టారు. గుండె కూడా ఉబ్బి పాడవుతుందని 1987లో కాలిఫోర్నియాలో తేలింది. ఆ తరవాతే డబ్బా తిండి తయారుచేసేవాళ్ళు టారిన్ ఎక్కువ కలపడం మొదలుపెట్టారట. "పప్పులో మాంసకృత్తులున్నా, దానికి రెండింతలు పిండి ఉంటుంది. షుగరున్న పిల్లికి అది అసలు కుదరదు" అంది.

రెండు రోజులు మా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. చెప్పొద్దూ, ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఒకవైపు డెబ్భయ్యెనిమిదేళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తప్పని నియమం. ఇంకోవైపు మడమల మీద నడుస్తూ వచ్చి ఆవిడ ఒళ్ళోనే పడుకునే ప్రాణి. ఎవరి పక్షాన మాట్లాడమంటారు? మూడోరోజు దీపం పెట్టి వచ్చి, ఆవిడే అంది. "నా నియమం నాది. దానికి వాడేమీ సంతకం పెట్టలేదుగా. నేను పట్టిన నోముకి వాణ్ణి ఎండబెడితే ఆ పుణ్యం నాకెందుకమ్మాయ్? వెనక బాల్కనీలో వండు. గిన్నె వేరే, గరిటె వేరే. నన్ను చూడమనకు."

ఇంతకంటే పెద్ద మాట నేను నా పదకొండు నవలల్లోనూ ఎవరిచేతా అనిపించలేదు.

ఇక కోడిమాంసం తెచ్చే భారం మావారి మీద పడింది. పాపం, ఏభయ్యేళ్ళ వయసులో మొదటిసారి ఆ షాపు ముందు క్యూలో నిలబడ్డారు. తీయకుండా హెల్మెట్టుతోనే! "స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా?" అని షాపువాడు అడిగితే, "పిల్లికి ఏది ఇష్టమో అది" అన్నారట. మా పనిమనిషి రత్నం అయితే ఆ గిన్నె చూసి బుగ్గలు నొక్కుకుంది. "మీ ఇంట్లో కోడి ఉడుకుతోందంటే మా బస్తీలో ఎవరూ నమ్మరమ్మా! ఉల్లి, అల్లం వెల్లుల్లి ఏదమ్మా, ఇదేం వంట?" అని నాకు పాఠం చెప్పబోయింది. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లికి విషంతో సమానం సుమండీ. రక్తంలో ఎర్రకణాలు విరిగిపోతాయి. అందుకని పొరుగింటి కూరలో ముక్క కడిగి పెడతామనే ఆలోచన మానుకోవాలి. ఉత్త నీళ్ళలో ఉడికించాలి, ఆ నీళ్ళు పారబోయకుండా వాటితోనే పెట్టాలి. టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది మరి.

కోడిమాంసం ఒక్కటే పెడితే సరిపోతుందనుకుంటే అదీ కాదు. ఎలుకని తిన్న పిల్లి ఎముకతో సహా తింటుంది. ఉత్త మాంసంలో సున్నం చాలదు. అందుకని ఒక పూటకి మాత్రం మాంసం, అందులో డాక్టరమ్మ రాసిచ్చిన కాల్షియం, టారిన్ కొలత ప్రకారం కలిపి పెడుతున్నాను. తక్కిన తిండి పౌచ్‌లు.

ఈ పౌచ్‌ల కొనుగోలు ఒక ప్రహసనం. షాపులో ఒక గోడ నిండా పిల్లుల తిండే. రంగురంగుల సంచుల మీద మిలమిల మెరిసే పిల్లులు. అన్నిటి మీదా ఏవో గొప్పలు రాసుంటాయి గాని, పిండిపదార్థం ఎంతో మాత్రం చాలావాటి మీద ఉండదు. అదే మనకి కావలసింది! డాక్టరమ్మ లెక్క నేర్పింది. నేను బి.ఎ. చదివినదాన్ని, లెక్కలంటే ఆమడదూరం. అయినా ఇది పాలవాడి లెక్కకంటే కష్టమేమీ కాదు. సంచి మీద రాసిన మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద, తేమ – అయిదూ కూడి నూరులోంచి తీసేస్తే మిగిలేది పిండి. బూడిదంటే పొయ్యిలోది కాదు, ఖనిజాలు. అది రాయకపోతే పొడి తిండికి 8, తడి తిండికి 2 వేసుకోమంది.

ఒక పొడి తిండి సంచి తీశాను. మాంసకృత్తులు 30, కొవ్వు 10, పీచు 5, బూడిద 8, తేమ 10. మొత్తం 63. అంటే మిగిలిన 37 పిండే! ఆ కరకరలాడే బిళ్ళలు తయారుకావాలంటే పిండి లేకుండా కుదరదట, మన చేగోడీల్లాగే. తడి పౌచ్ ఒకటి తీస్తే 11, 5, 1, 2, తేమ 80. మొత్తం 99. పిండి ఒక్కటే. ఇంకా న్యాయంగా చూడాలంటే తేమ లెక్క వదిలి, శక్తి లెక్క కట్టాలి. మాంసకృత్తులనీ పిండినీ మూడున్నరతో, కొవ్వుని ఎనిమిదిన్నరతో హెచ్చవేసి చూస్తే, ఆ పొడి సంచిలో శక్తి నూటికి 40 పాళ్ళు పిండి నుంచే. పౌచ్‌లో 4. షుగరు పిల్లికి 12 దాటకుండా చూసుకొమ్మంది. పౌచ్‌లలో కూడా పులుసు చిక్కబడడానికి పిండి కలిపినవి ఉంటాయి. పూర్తి ఆహారం కాక ఉత్త చిరుతిండిగా అమ్మేవీ ఉంటాయి. షాపులో నిలబడి చెంగులోంచి చిన్న పుస్తకం తీసి లెక్కలు వేస్తూంటే, కౌంటర్లో అమ్మాయి నన్ను ఇన్‌కంటాక్సు మనిషిననుకుంది.

ఖర్చు మాటంటారా, దాచడమెందుకు? ఒక పౌచ్ ధర అరలీటరు పాల పాకెట్టుకంటే ఎక్కువ. దొరబాబుకి రోజుకి సుమారు 250 క్యాలరీలు కావాలి. 85 గ్రాముల పౌచ్‌లో 70 దాకా ఉంటాయి. మాంసం ఒక పూట ఉన్నా రోజుకి రెండో మూడో తప్పవు. ఆ నెల నుంచి నా పట్టుచీరల చీటీ ఆగిపోయింది. అదేమీ త్యాగమని చెప్పడం లేదు, లెక్క చెప్తున్నాను.

అన్నిటికంటే కష్టమైంది ఇదంతా కాదు. దొరబాబు తినను పొమ్మన్నాడు!

తొమ్మిదేళ్ళుగా వెన్న తీయని పెరుగు రుచి మరిగిన నోరు. పౌచ్ విప్పి పెడితే వాసన చూసి, ముందుకాలితో నేలని గీరి, పైన మట్టి కప్పుతున్నట్టు నటించి వెళ్ళిపోయాడు. "ఆకలేస్తే వాడే తింటాడు, రెండు రోజులు మాడ్చు" అని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. అత్తగారు కూడా "మొన్న ఏకాదశి నేనుండలా? వాడూ ఉంటాడు" అంది. ఈ ఒక్క సలహా మాత్రం ఎవరూ వినకండి. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే, ఒంట్లో కొవ్వంతా ఒక్కసారి కాలేయం మీదికొచ్చి పడుతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. పైగా తినని పిల్లికి ఇన్సులిన్ మామూలుగా పొడిస్తే ఇంకో ప్రమాదం. అందుకని పంతానికి పోకుండా పాత తిండిలో చెంచాడు కొత్తది, మర్నాడు రెండు చెంచాలు – ఇలా పది రోజులు బుజ్జగించాం. వేడినీళ్ళలో పౌచ్‌ని కాసేపు ముంచి గోరువెచ్చగా పెడితే వాసన లేస్తుంది. పిల్లి నాలుకతో కాదు, ముక్కుతో తింటుంది. ఒళ్ళు తగ్గడం కూడా నిదానంగానే తగ్గాలి. వారానికి నూటికి ఒక పాలు తగ్గితే చాలన్నారు.

మా ఫ్రిజ్ తలుపులో ఇప్పుడు రెండు డబ్బాలున్నాయి. ఒకదాని మీద 'అత్తయ్య', ఒకదాని మీద 'దొరబాబు'. ఆవిడ ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది, సిరంజికి ఎర్రమూత. వాడిది 100 యూనిట్లది, నారింజమూత. సిరంజి మారిందంటే గీత ఒకటే అయినా మందు రెండున్నర రెట్లు ఎక్కువైనా పడుతుంది, అంతకంత తక్కువైనా పడుతుంది. ఇంట్లో ఇద్దరు షుగరువాళ్ళున్నప్పుడు ఈ మూతల రంగు మంగళసూత్రమంత జాగ్రత్తగా చూసుకోవాలి.

మూడో వారంలో ఒక సాయంకాలం నేను ప్రూఫులు దిద్దుకుంటున్నాను. "అమ్మాయ్!" అని అత్తగారి కేక. వెళ్ళేసరికి దొరబాబు తాగినవాడిలా తూలుతున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. గోడకి తల ఆనించి నిలబడ్డాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆవిడ మాత్రం అప్పటికే తేనెసీసా మూత తీసింది. "షుగరు పడిపోయింది వాడికి. ఆ చూపు నాకు తెలుసు, లోపల ఎలా ఉంటుందో కూడా తెలుసు" అంటూ వేలితో తేనె తీసి వాడి చిగుళ్ళకి రాసింది. గొంతులో పొయ్యలేదు, పొలమారుతుందని. చెవి అంచున పొడిచి ఆవిడ మీటరు మీదే చూస్తే 48. మనుషుల మీటరు పిల్లి రక్తానికి కాస్త తక్కువ చూపిస్తుందట, అయినా తక్కువే. పావుగంటకి తలెత్తి, వేలు నాకాడు. తీపి తెలియని నాలుకతో!

డాక్టరమ్మకి ఫోను చేస్తే ముందు తిండి పెట్టమని, ఆ పూట ఇన్సులిన్ ఆపి వెంటనే తీసుకురమ్మని చెప్పింది. చూశాక మోతాదు రెండు నుంచి ఒకటికి దించింది. "పిండి తగ్గితే మందు అవసరం కూడా తగ్గుతుందని నేను చెప్పానే, అదే జరుగుతోంది. మనం అనుకున్నదానికంటే తొందరగా" అని నవ్వింది. పథ్యం పనిచేస్తోందన్న శుభవార్త అంత భయపెట్టి వస్తుందని ఎవరనుకుంటారు! తిండి మార్చేటప్పుడు డాక్టరు కళ్ళ ముందు మార్చాలని, వారం వారం చక్కెర చూసుకోవాలని అందుకే అంటారు. మీ ఇంట్లో పిల్లికి ఉంటే, నేను రాసిన అంకెలు పట్టుకుని మీరే మొదలుపెట్టేయకండి. మూత్రపిండాల జబ్బు కూడా ఉన్న పిల్లికి ఇంత మాంసం పనికిరాకపోవచ్చు. ముందు దాని రక్తం చూడాలి, తరవాతే దాని విస్తరి.

ఇప్పుడు నాలుగో నెల. దొరబాబు వెనక కాళ్ళు మళ్ళీ నిటారుగా పడుతున్నాయి. మోతాదు అర యూనిటుకి వచ్చింది. పూర్తిగా ఆగుతుందో లేదో చూడాలి. రోజూ ఏడు గంటలకి ఇద్దరికీ ఇన్సులిన్, ఇద్దరికీ భోజనం. అత్తగారికి జొన్నరొట్టె, వాడికి పౌచ్. విస్తట్లో ఆఖరి ముద్ద మాత్రం అలాగే మిగిలిపోయేది కొన్నాళ్ళు. వాడు అలవాటుగా వచ్చి పక్కన కూర్చునేవాడు, ఆవిడ చెయ్యి కడిగేసుకునేది. ఒకరోజు నేను వంటింట్లోంచి చూస్తే, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని, చెంచాతో పౌచ్‌లోది తీసి వాడి పళ్ళెంలో పెడుతోంది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

ఇద్దరి షుగరు అంకెలూ ఒకే నోటుపుస్తకంలో రాస్తాను. ఎడంపక్క ఆవిడవి, కుడిపక్క వాడివి. వాడివి తన అంకెలకంటే బాగుంటే ఆవిడకి ఆ రోజంతా రోషం. మొన్న ఆదివారం బాల్కనీలో ఏదో పెనుగులాట వినిపించింది. అత్తగారు లోపలికొచ్చి, నోటుపుస్తకం నా ముందు పెట్టింది.

"కుడిపక్క రాయి. సాయంత్రం నాలుగు – బల్లి ఒకటి. పిండిపదార్థం ఎంతో నువ్వే లెక్క వేసుకో."